కలిపే ఆపరేషన్

పసిగుడ్డును గుడ్డ సంచిలో పడుకోబెట్టి, త్రాసు కొక్కేనికి తగిలించి, రాహేలు చేతిని భుజం ఎత్తుకు లేపింది. ముల్లు ఊగి ఊగి రెండున్నర దాటి ఆగింది. బిడ్డ ఏడవలేదు. సంచిలోంచి ఒక కాలు మాత్రం బయటికి వచ్చి, గాలిని ఒకసారి తన్ని, మళ్ళీ లోపలికి పోయింది.

"రెండు కిలోల ఏడొందలు. పోయిన వారం కంటే నూటయాభై పెరిగింది. పాలు మంచిగనే తాగుతాంది," అంది రాహేలు.

"తాగదా మరి! ఊరంతటికీ ఒక్కటే పసిపిల్లనాయె," అంది గడప దగ్గర కూర్చున్న బాలింత అత్త. "జాతరకు వచ్చినట్టు వచ్చి చూసి పోతాన్రు. మందినందర్నీ ఆపరేషన్లకు మోసుకపోయినవ్. ఇప్పుడు తూకం పట్టెతందుకు నీకు ఒక్కతన్న దొరికింది, సంతోషపడు ఆశమ్మా."

"నిన్ను గూడ నేనే మోసుకపోతి గద వదినె. టెంపోల పండుకొని మీ అవ్వను తలుసుకొని ఏడిస్తివి."

"గందుకే చెప్తాన."

బాలింత నవ్వింది. రాహేలు కూడా నవ్వి, బిడ్డను తల్లి ఒడిలో పెట్టి, త్రాసును మడిచి సంచిలో వేసుకుంది. ఇంకా ఏడు కాలేదు. మే నెల ఎండ అప్పుడే గోడల మీద తెల్లగా పడుతోంది.

రాహేలుకు యాభై ఒకటో ఏడు. మనిషి పొట్టి. నడిస్తే మాత్రం పొడుగు కాళ్ళవాళ్ళు కూడా వెనకబడతారు. ఇరవై ఏళ్ళుగా ఆశా కార్యకర్తగా ఒకే వైపు సంచి మోయడం వల్ల కుడి భుజం ఎడమదాని కంటే వేలెడు కిందికి దిగింది. మడమల పగుళ్ళలో ఊరి దుమ్ము స్థిరపడిపోయింది. ఆమె చేసేదాన్ని ఊరు పని అంటుంది, ప్రభుత్వం స్వచ్ఛంద సేవ అంటుంది. ఇచ్చేదాన్ని జీతం అనరు, పారితోషికం అంటారు. ఒకసారి ఏదో సర్వేకు వచ్చిన మనిషి "నీ వృత్తి ఏం రాయాలమ్మా" అని అడిగి, తన దగ్గరున్న పట్టికను పైనుంచి కిందికి రెండుసార్లు వెతికి, చివరికి 'గృహిణి' అని రాసుకుపోయాడు. ఆ రోజు ఆమె నలభై ఇళ్ళు తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూనే అతని ప్రశ్నలకు జవాబులు చెప్పింది.

అరుగు చివర కూర్చుని రిజిస్టరు తెరిచింది. రాహేలు బొట్టు పెట్టుకోదు. వాళ్ళది చర్చికి పోయే ఇల్లు. అయినా ఆమె సంచిలో ఎప్పుడూ బొట్టు బిళ్ళల అట్ట ఉంటుంది. గర్భిణి ఉన్న ఇంటి వరుసలో ఎర్ర బిళ్ళ, చంటిబిడ్డ ఉంటే పచ్చ బిళ్ళ, పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిపోతే నల్ల బిళ్ళ. ఇది ఎవరూ నేర్పింది కాదు. వందలకొద్దీ పేర్లలో కళ్ళు పోగొట్టుకోకుండా తానే కనిపెట్టుకున్న పద్ధతి. నల్ల బిళ్ళ పడిన ఇంటికి ఆ పని మీద మళ్ళీ పోనక్కర లేదు. మొదటి రిజిస్టర్లలో పేజీకి ఆరేడు ఎర్ర బిళ్ళలు ఉండేవి. ఇప్పుడు పేజీలకు పేజీలు నల్లగా ఉన్నాయి. ఈ ఉదయం ఒక్క పచ్చ బిళ్ళ అంటించి, వేలితో అదిమింది.

ఒకే ఒక్క వరుసలో నల్ల బిళ్ళను గోటితో గీకి తీసేసిన గుర్తు ఉంది. జిగురు పోలేదు. దుమ్ము అంటుకుని, బిళ్ళ కంటే నల్లగా కనిపిస్తుంది. ఆ వరుసలో పేరు దీప.

నూట ఎనభై ఆరు మందిని రాహేలు ఆపరేషన్‌కు తీసుకుపోయింది. క్యాంపు రోజున తెల్లవారకముందే టెంపో మాట్లాడి, వాళ్ళ అత్తలతో గొడవపడి, మొగుళ్ళను బతిమాలి, ఎనిమిదేసి మందిని ఎక్కించుకుపోయేది. వరండాలో చాపల మీద మత్తు దిగక పడి ఉన్నవాళ్ళకు ఒకరి చీర సర్ది, ఒకరి తల పట్టుకుని, సాయంత్రానికి అందరినీ లెక్క చూసుకుని ఇళ్ళకు చేర్చేది. ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పేది: "ఇద్దరు చాలు బిడ్డా. ఇగ ఫికర్ లేదు." దీపకు కూడా అదే చెప్పింది. అప్పటికి దీపకు ఇరవై మూడేళ్ళు. ఆమె అత్త కట్టమ్మ వద్దంది. ఇంకొక్క కాన్పు చూద్దామంది. రాహేలు మూడు రోజులు వాళ్ళ అరుగు మీద కూర్చుని దీపను ఒప్పించింది. ఆ ఏడాదే ఆమెకు చప్పట్ల మధ్య ఒక ప్రశంసా పత్రం ఇచ్చారు.

బస్సు కోసం రోడ్డు మీదికి పోతూ బడి ముందు నుంచి నడిచింది. గేటుకు తాళం. వరండాలో వడ్ల కొనుగోలు కేంద్రం వాళ్ళ టార్పాలిన్లు చుట్టి పెట్టి ఉన్నాయి. గోడ మీద గుణింతాల చార్టు రంగు వెలిసినా చదవడానికి వీలుగానే ఉంది. పదిమంది పిల్లలు కూడా లేరని రెండేళ్ళ కిందట దాన్ని మూసి, ఉన్నవాళ్ళను నాలుగు కిలోమీటర్ల అవతలి బడిలో కలిపారు. దీప పిల్లలు ఇద్దరూ అందులో ఉన్నారు. ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లలు. ఆటోలోనూ ఒకే పక్క కూర్చున్నారు. కాలువ మలుపు దగ్గర ఆటో ఆ పక్కకే పడింది.

తాను ఇద్దరు చాలంది. ఊళ్ళో పిల్లలు తగ్గారు. తగ్గారని బడి మూశారు. మూశారని పిల్లలు ఆటో ఎక్కారు. ఈ నాలుగు మాటలనూ రాహేలు రోజుకొకసారైనా తనలో తాను అనుకుంటుంది. ఎక్కడ ఆగి ఎవరిని తిట్టాలో తెలియక మళ్ళీ మొదటి మాట దగ్గరికే వస్తుంది.

సంక్రాంతి పోయిన వారం దీప ఆమె ఇంటికి వచ్చింది. లేచి పోతూ పోతూ అడిగింది.

"అత్తా, కోసినదాన్ని మళ్ళ కలుపుతరట గద. నిజమేనా?"

రాహేలుకు తెలియదు. ఇరవై ఏళ్ళలో కోయించడం గురించి ఆమెకు ఎన్ని శిక్షణలు ఇచ్చారో! కలపడం గురించి ఒక్క ముక్క కూడా ఎవరూ చెప్పలేదు. అడిగింది, తిరిగింది, తెలుసుకుంది. పిల్లలు పోయినవాళ్ళకు నగరంలోని పెద్ద దవాఖానలో చేస్తారు. పీహెచ్‌సీ డాక్టరు ఉత్తరం ఉండాలి. ముప్పై రెండు దాటితే తీసుకోరు. వచ్చే నెల పదిన దీపకు ముప్పై రెండు నిండుతాయి. నాలుగు నెలలుగా డాక్టరు "వచ్చేసారి చూద్దాం" అంటోంది. ఈ రోజుది జూన్‌కు ముందు పీహెచ్‌సీలో ఆశాలకు జరిగే ఆఖరి మీటింగ్.

రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర భర్త ఏలియా ఎదురయ్యాడు. ఒకప్పుడు మార్కెట్‌లో బస్తాలు మోసిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు వంగవు.

"అన్నం తినకనే పోతానవా?"

"వచ్చి తింటలే."

"గా సంతకం ఇయ్యాళన్న పెడ్తదా డాక్టరమ్మ?"

"పెట్టకుంటే లేచిరాను," అంది రాహేలు. బస్సు వచ్చింది.

పీహెచ్‌సీ హాలులో ముప్పై మంది ఆశాలు ప్లాస్టిక్ కుర్చీల్లో ఇరుక్కుని ఉన్నారు. రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది. గోడ మీది టీవీలో పై అధికారి ఒకాయన మాట్లాడుతున్నాడు. ఆయన వెనక ఏసీ ఉంది. మెడికల్ ఆఫీసర్ శోభారాణి ముందు వరుసలో కూర్చుని రాసుకుంటోంది.

"మన రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు రెండు కంటే కిందికి పడిపోయింది," అంటున్నాడాయన. "ఇది ఆందోళన కలిగించే విషయం. వృద్ధుల సంఖ్య పెరుగుతోంది, పనిచేసే వయసువాళ్ళు తగ్గుతున్నారు. రేపు మనకు వచ్చే నిధులు తగ్గుతాయి, సీట్లు తగ్గుతాయి. కాబట్టి క్షేత్రస్థాయిలో కొత్త దంపతులకు మీరు అవగాహన కల్పించాలి. ఒక్కరితోనో ఇద్దరితోనో ఆగిపోవద్దని చెప్పాలి."

"ఇద్దరితోని ఆపుమని చెప్పెతందుకు ఇరవై ఏండ్లు పట్టె," అంది వెనక వరుసలోంచి రాజేశ్వరి, పక్క ఊరి ఆశ. "మళ్ళ ఇప్పుడు ఆపకుమని చెప్పాల్నా? జనం చెప్పులు తీసుకుంటరు."

నవ్వులు. రాహేలు నవ్వలేదు. లేచి నిలబడింది. టీవీ వైపు తిరిగి, దండం పెట్టి మరీ అడిగింది.

"సార్, నాదొక్క మాట. మేము కోయించినోళ్ళున్నరు గద సార్. పిల్లలు సచ్చిపోయినోళ్ళు, ఇంక వయసున్నోళ్ళు. వాళ్ళకు కలిపే ఆపరేషన్ చేయిస్తరా? దానికేమన్న క్యాంపులు పెడ్తరా?"

ఆయన తల ఎత్తలేదు. "నెక్స్ట్ స్లయిడ్," అన్నాడు.

"సార్, మిమ్మల్నే అడుగుతాన."

"అక్కా, మన మైకు మ్యూట్‌ల ఉన్నది," అన్నాడు కంప్యూటర్ దగ్గరున్న హరీష్, గొంతు తగ్గించి. "ఆయన మాట మనకు వినవడ్తది. మన మాట ఆయనకు వినవడది. పైనుంచే అట్ల పెట్టిన్రు."

రాహేలు ఇంకొంచెంసేపు నిలబడే ఉంది. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి కిందికి దిగుతోంది. ఆ గీత తన రిజిస్టరే అని ఆమెకు తెలుసు. ఆ గీతలో దీప ఉంది, బాలింత అత్త ఉంది, కడుపు పట్టుకుని టెంపో దిగిన నూట ఎనభై ఆరు మందీ ఉన్నారు. ఒకప్పుడు ఆ గీత దిగుతుంటే చప్పట్లు కొట్టినవాళ్ళే ఇప్పుడు దిగిందని బాధపడుతున్నారు. దాన్ని దించిన చేతులను మాత్రం అప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడటం లేదు.

మీటింగ్ అయ్యాక అందరూ నెలవారీ రిజిస్టర్లు బల్ల మీద పెట్టి, సంతకాలు చేసి వెళ్ళిపోయారు. రాహేలు తన రిజిస్టరును సంచిలోంచి తీయలేదు.

"రాహేలూ, నీదొక్కటే మిగిలింది. ఇవ్వు," అంది శోభారాణి.

"ఉత్తరం మీద సంతకం పెట్టుండ్రి మేడం. ఇస్తా."

"నీకు చెప్పాను కదా. అది నా పరిధిలో లేదు. దానికి ఫారం లేదు, బడ్జెట్‌లో హెడ్ లేదు. రేపు ఏమైనా తేడా వస్తే నన్ను అడుగుతారు."

"కోసేటందుకు మీకు పరిధి ఉండె గద మేడం. గప్పుడు ఎవరన్న అడిగిన్రా?"

శోభారాణి ముఖం ఎర్రబడింది. "నేను ఈ పోస్టుకు వచ్చి మూడేళ్ళు. ఆ అమ్మాయికి నేను చేయలేదు. నాదీ కాంట్రాక్టే. ఆ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు మేడం. మీరు చేయలేదు. నేను చేయించిన. గందుకే నేను అడుగుతాన."

"రిజిస్టర్ ఇవ్వకపోతే మెమో ఇవ్వాల్సి వస్తుంది."

"ఇయ్యుండ్రి. దాని మీద మీ సంతకం ఉంటది గద. గదే సంతకం దీని మీద పెట్టెతందుకు ఎందుకు భయం?"

కుర్చీలు పేర్చుతున్న స్వీపరు చేతిలో పని ఆపి చూశాడు. జీవితంలో రాహేలు డాక్టర్లతో ఇలా మాట్లాడలేదు. నిలబడమంటే నిలబడింది. పోలియో చుక్కలంటే చుక్కలు, కుష్టు సర్వే అంటే సర్వే, ఎన్నికల రోజు వీల్‌చైర్ తోయమంటే తోసింది. కరోనాలో గ్లౌజులు లేకుండా ఇంటింటికీ తిరిగింది. ఎన్నడూ కాదనలేదు. ఇప్పుడు రిజిస్టరు ఉన్న సంచిని రెండు చేతులతో పొట్టకు అదిమి పట్టుకుని, పెద్దవాళ్ళ ముందు మొండికేసిన పిల్లలా నిలబడింది.

శోభారాణి పెన్ను మూత తీసింది. తర్వాత ఉత్తరం లాక్కుని, చదివి, ఒక పదం కొట్టేసి పైన సరిచేసి, సంతకం పెట్టి ముద్ర వేసింది.

"దవాఖానలో ఆశా వెంట రావాలంటారు. నీ పేరు, నంబరు రాస్తారు. ఫోన్ చేస్తే ఎత్తు," అంది.

"నేను ఫోన్ ఎత్తని రోజు ఉన్నదా మేడం?" అని రాహేలు రిజిస్టరు బల్ల మీద పెట్టింది.

బయటికి వచ్చేసరికి రెండు దాటింది. మధ్యాహ్నం బస్సు రాలేదు. ఘన్‌పూర్ వైపు పోయే ఆటో ఒకటి ఆమెను ఊరి దారి దగ్గర దించి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. కొంగు తల మీదికి లాక్కుని, ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రవికె లోపల దాచుకుని నడిచింది. ఇంటికి పోలేదు. నేరుగా దీప ఇంటికి పోయింది.

దీప లేదు. మొగుడు పట్నంలో పని చేస్తాడు, ఆమె వరంగల్‌లో బట్టల దుకాణంలో పనికి పోతుంది. సాయంత్రం ఆరింటి బస్సుకు గాని రాదు. రాహేలుకు ఆ సంగతి తెలుసు. అయినా చేతికి ఇచ్చి పోవాలని ఆమె కోరిక. అరుగు మీద, తాటాకు పందిరి నీడ పడినంత మేర కూర్చుంది.

లోపల కట్టమ్మ మంచం మీద పడుకుని ఉంది. తలుపు సందులోంచి ఆమెకు రాహేలు నీలం చీర కనిపించింది. పిల్లలు పోయిన రోజు నుంచి కట్టమ్మ రాహేలుతో మాట్లాడలేదు. ఆమె వస్తే లోపలికి పోతుంది. ఎదురైతే దారి మార్చుకుంటుంది. ఎనిమిదేళ్ళ కిందట మూడు రోజులు అదే అరుగు మీద కూర్చుని, తన మాట కాదని కోడలిని తీసుకుపోయిన మనిషి. కట్టమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"దీప లేదా కట్టమ్మా?" అని బయటి నుంచి వినిపించింది. కట్టమ్మ పలకలేదు.

"ఉత్తరం అయింది. కూసుంటలే నేను, ఆమె వచ్చేదాక."

కట్టమ్మ పలకలేదు. కాసేపటికి, "జర మంచినీళ్ళు..." అని వినిపించింది, గట్టిగా అడిగినట్టు కాదు, ఉంటే ఇమ్మన్నట్టు. కట్టమ్మ కళ్ళు మూసుకుంది. కూసోనీ అనుకుంది. నా అరుగు మీద ఎంతసేపు కూసుంటదో కూసోనీ.

వడగాలి లేచింది. రాహేలు ఉత్తరాన్ని బయటికి తీసి, మడత విప్పి, సంతకాన్ని మరోసారి చూసుకుని పక్కన పెట్టింది. కాగితం ఎగురుతుంటే సంచిలోంచి ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి తీసి దాని మీద పెట్టింది. ఎండాకాలం ఇంటింటికీ పంచమని ఇచ్చినవి. ఉపాధి పనికి పోయేవాళ్ళకు, ముసలివాళ్ళకు, వాంతులయ్యే పిల్లలకు. ఇచ్చిన ప్రతిదానికీ ఎదురుగా ఒక పేరు ఎక్కించాలి. తన పేరు ఎక్కించుకునే గడి ఫోన్‌లో లేదు. గుంజకు తల ఆనించింది. నీడ మెల్లగా పక్కకు జరిగి, ఆమె మోకాళ్ళ మీదికి, తర్వాత ఒడిలోకి ఎండ వచ్చింది. ఆమె జరగలేదు.

ఆరింటి బస్సు దిగి వచ్చిన దీప, "అత్తా, నిద్రపోయినవా?" అంటూ భుజం పట్టుకుని, ఒక్కసారిగా కేక పెట్టింది. ఆ కేకకు కట్టమ్మ బయటికి వచ్చింది. కట్టమ్మ చేతిలో చెంబు ఉంది. ఎప్పుడు నీళ్ళు ముంచిందో ఆమెకే తెలియదు.

డాక్టరు ఎండదెబ్బ అంది. డ్యూటీలో ఉన్నట్టా కాదా అని ఎవరో అడిగితే, ఆమె ఉద్యోగి కాదు కాబట్టి డ్యూటీ అన్న మాటే వర్తించదని ఇంకెవరో చెప్పారు. ఏలియా ఆ మాటలేవీ వినలేదు. చర్చి వెనక మట్టి గట్టిగా ఉండి గుంట తవ్వడానికి రెండు పూటలు పట్టింది. ఊరి ఆడవాళ్ళందరూ వచ్చారు. కడుపు మీద ఒకే చోట ఒకేలాంటి మచ్చ ఉన్న ఆడవాళ్ళు.

నాలుగో రోజు ఉదయం హరీష్ బైక్ మీద వచ్చాడు. ఏలియా అతన్ని కట్టమ్మ ఇంటికి పంపాడు. ఆ రోజు హడావుడిలో సంచి అక్కడే ఉండిపోయింది. దీప దాన్ని బియ్యం డబ్బా మీద భద్రంగా పెట్టింది.

"గవర్నమెంటుది గద అక్కా, వాపస్ తీసుకొమ్మన్నరు," అన్నాడు హరీష్ తల వంచుకుని. ఒక్కొక్కటీ తీసి కాగితంతో సరిచూసుకున్నాడు. త్రాసు. థర్మామీటర్. బీపీ మిషన్. ఫోన్.

ఫోన్ అతని చేతిలోకి పోతుంటే దీప పట్టుకుంది.

"ఇది తీస్కపోకు హరీషూ. నిన్న అత్త పక్కన దొరికిన ఉత్తరం పట్టుకొని నేను పెద్ద దవాఖానకు పోయొచ్చిన. ఫారంల ఆశా పేరు, నంబరు రాయమన్నరు. అత్త పేరే రాసిన. ఈ నంబరే రాసిన. తారీఖు చెప్పెతందుకు దీనికే ఫోన్ చేస్తరట."

హరీష్ ఆమె ముఖంలోకి చూశాడు. "సచ్చిపోయిన మనిషి పేరెట్ల రాస్తివి అక్కా?"

"మరి ఎవరి పేరు రాయాలె? నువ్వు చెప్పు. కొత్తామెను ఎప్పుడు ఏస్తరు?"

"ఏయరు," అన్నాడు హరీష్. "వెయ్యి మందికి ఒక ఆశా అని రూలు. మీ ఊరి జనాభా తొమ్మిది వందల ముప్పై నాలుగుకు దిగింది. పోస్టు ఎత్తేసి పక్క ఊళ్ళె కలుపుతాన్రు. రాజేశ్వరక్క చూస్తదట రెండూళ్ళు. ఆమె ఇంక ఒప్పుకోలేదు."

"జనాభా దించిందే ఆమె గద," అంది కట్టమ్మ. పిల్లలు పోయాక ఈ పదహారు నెలల్లో రాహేలు గురించి ఆమె పెదవి విప్పడం అదే మొదటిసారి. "దించుమంటే దించింది. దించిందని ఆమె జాగనే తీసేస్తాన్రా? కడుపుకు ఏం తింటరురా మీరు?"

"నేను డాటా ఎంట్రీ పెద్దమ్మా. నన్నంటే ఏమొస్తది?"

"ఎవన్ననాలె మరి? టీవీల ఉన్నోన్ని అంటే వానికి వినవడదటనాయె!"

దీప ఫోన్ వదల్లేదు. హరీష్ కాగితంలో ఫోన్ ఎదురుగా ఉన్న గడిని ఖాళీగా వదిలేశాడు. "పదో తారీఖు దాక నా దగ్గరికి రాలేదని చెప్త. సిమ్ బంద్ చేస్తే మాత్రం నా చేతిల లేదు," అన్నాడు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. "యాభైల ముప్పై ఒకటి పంచింది. పంతొమ్మిది ఉండాలె. పద్దెనిమిదే ఉన్నయి. పోనీ, అది గూడ పంచిందనే రాస్తా. ఎవరి పేరన్న చెప్పుండ్రి."

చివరికి అతనే గడిలో ఏదో పేరు రాసుకుని, సంచి బైక్‌కు తగిలించుకుని వెళ్ళిపోయాడు. దీప ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టడానికి లోపలికి పోయింది.

కట్టమ్మ చీపురు తీసుకుని అరుగు ఊడ్చింది. నాలుగు రోజులుగా ఆమె ఆ పక్కకు పోలేదు. గుంజకూ గోడకూ మధ్య సందులో చీపురు ఏదో దానికి తగిలి ఆగింది. వంగి తీసింది. ఎండకు రంగు తేలిపోయిన ఓఆర్ఎస్ ప్యాకెట్. లోపలి పొడి గడ్డకట్టి రాయిలా ఉంది. అమ్మకానికి కాదు అని అడ్డంగా రాసి ఉంది, పై అంచు పొడవునా ఇక్కడ చింపమని చుక్కల గీత, ఆ గీత ఎక్కడా తెగలేదు.